ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ: ఒక కండక్టరు అభిప్రాయం

నిఘంటువు మంచిదో కాదో తేల్చుకోవాలంటే నోరు తిరగని మాట వెతికితే లాభం లేదు. అలాంటి మాటకు సాధారణంగా ఒకటే అర్థం ఉంటుంది, దాన్ని ఏ పుస్తకమైనా చెప్పేస్తుంది. రోజూ అందరి నోట్లో నలిగే మాట వెతకాలి. నేను ‘ఛార్జ్’ వెతికాను.

నేను హనుమకొండలో ఆర్టీసీ కండక్టరుని. ఎక్కువగా ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వెళ్లే రూటులో పనిచేస్తాను. ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం, గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్న మా ఆడపడుచు కోసం, ఇంగ్లిషు మాటకు ఇంగ్లిషులోనే అర్థం చెప్పే ఈ డిక్షనరీ పదో కూర్పు కొన్నాను. ఇంట్లో ఇప్పుడు అందరికంటే ఎక్కువగా దాన్ని తెరుస్తున్నది నేనే.

మా ఉద్యోగంలో ‘ఛార్జ్’ అనే మాట ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. బస్సు ఎక్కగానే “తాడ్వాయికి ఛార్జీ ఎంతమ్మా?” అని అడుగుతారు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో ఛార్జింగ్ ఉందో లేదో డ్యూటీ ఎక్కకముందే చూసుకోవాలి. డిపోకు కొత్త మేనేజరు వస్తే ఛార్జ్ తీసుకున్నారంటాం. ఆయన సెలవు పెడితే ఇంకొకరు ఇన్‌ఛార్జి. టికెట్ల లెక్కలో తేడా వస్తే ఛార్జిషీటు. బస్సులో ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన ఎంజీఎం ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి ఊరికి వెళుతుంటాడు. వెనక సీట్లో ఎవరో లాఠీఛార్జి వార్త పైకి చదువుతుంటారు. ఈ మాటలన్నీ తెలుగులో కలిసిపోయాయి, ఎవరికీ అర్థం అడిగే అవసరం రాదు. కానీ అదే మాట ఇంగ్లిషు వాక్యంలో కనిపిస్తే మా అబ్బాయి ఆగిపోతాడు. ఏ ఛార్జో తెలియదు.

ఈ డిక్షనరీ బలం అంతా ఇక్కడే ఉంది. పెద్ద మాట దగ్గర అర్థాలను కుప్ప పోయదు. ప్రతి అర్థానికీ ముందు చిన్న శీర్షిక పెడుతుంది. ఛార్జ్ నామవాచకం కింద డబ్బు, నేరం, బాధ్యత, విద్యుత్తు, దాడి, పేలుడు పదార్థం, బలమైన భావం అంటూ శీర్షికలు వరుసగా కనిపిస్తాయి. క్రియ కింద మళ్లీ వేరే వరుస. చదువుతున్న వాక్యం కోర్టుదైతే నేరం అన్న శీర్షిక దగ్గరికి, బ్యాటరీ గురించైతే విద్యుత్తు దగ్గరికి కన్ను నేరుగా వెళ్లిపోతుంది. మా అబ్బాయి ఇప్పుడు పేజీ మొత్తం చదవడు. శీర్షికలు చూస్తాడు, తనకు కావలసిన చోట ఆగుతాడు.

ఇంతకుముందు వాడి దగ్గర పోటీ పరీక్షల కోసం అమ్మే ఒక చిన్న పర్యాయపదాల పుస్తకం ఉండేది. అందులో ఛార్జ్‌కు ఎదురుగా ఫీ, అక్యూజ్, అటాక్, డ్యూటీ అన్నీ ఒకే వరుసలో అచ్చువేశారు. మధ్యలో కామాలు తప్ప ఇంకేమీ లేవు. దాన్ని బట్టీపట్టిన పిల్లవాడు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయవచ్చని అనుకుంటాడు. ఫీ, అటాక్ ఒకదానికొకటి ఏమవుతాయి? రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. పర్యాయపదం మాటకు ఉండదు, మాటలోని ఒక్కొక్క అర్థానికి ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా జాబితాలు అమ్మడం పిల్లలకు చేసే అన్యాయం. నాకు దానిమీద నిజంగా కోపం ఉంది, ఎందుకంటే ఆ పుస్తకాలు కొనేది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చి హనుమకొండలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలే.

ఆక్స్‌ఫర్డ్‌లో పర్యాయపదాలకు వేరే పెట్టెలు కట్టి ఇచ్చారు. దగ్గరి మాటలను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ వాడాలో వాక్యాలతో చూపిస్తారు. డబ్బు సంగతే తీసుకోండి. బస్సుకో, విమానానికో ప్రయాణికుడు చెల్లించేది ఫేర్. డాక్టరుకో, వకీలుకో, కాలేజీకో కట్టేది ఫీ. రోడ్డుకో, వంతెనకో కట్టేది టోల్. ఒక సేవకు అడిగే సొమ్ము ఛార్జ్. నేను రోజంతా ఛార్జీ అంటూ వసూలు చేసేది ఇంగ్లిషులో నిజానికి ఫేర్. మేము స్టేజీల లెక్కన తీసుకునేది అదే. బస్సులో వేసే మిర్చి బస్తాకు తీసుకునేది మాత్రం లగేజీ ఛార్జ్ అంటే సరిపోతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు కొట్టే జీరో టికెట్‌ను ‘ఫ్రీ ఆఫ్ ఛార్జ్’ అనవచ్చు, ఆ పలుకుబడి కూడా ఈ మాట కిందే దొరుకుతుంది.

నేరం విషయంలో ఇంకా బాగా చెప్పారు. అక్యూజ్ అంటే ఆరోపించడం, అది ఎవరైనా చేయవచ్చు. ఛార్జ్ అంటే విచారణ జరిపేందుకు వీలుగా అధికారికంగా నేరం మోపడం. మా ఉద్యోగంలో ఇది బాగా తెలుస్తుంది. చిల్లర ఇవ్వలేదని ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తే అది ఆరోపణ మాత్రమే. ఛార్జిషీటు చేతికొస్తే ఆ రోజు నుంచి లిఖితపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. ఈ తేడా తెలిసినవాడు అక్యూజ్ తర్వాత ‘ఆఫ్’, ఛార్జ్ తర్వాత ‘విత్’ వస్తాయన్నది కూడా పట్టుకోవాలి. పరీక్షల్లో తప్పు దిద్దమని ఇచ్చే వాక్యాల్లో మార్కులు పోయేది ఇలాంటి చోటే. డిక్షనరీలో ఆ చిన్న మాటలను బొద్దు అక్షరాల్లో అచ్చువేశారు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. బాధ్యత వహించేవాడు ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అయితే, ఒకరి సంరక్షణలో ఉండడం ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’. మధ్యలో ఒక్క ‘ద’ చేరితే పెద్దరికం చేతులు మారుతుంది.

ఇన్ని అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయన్నది అచ్చు పుస్తకంలో దొరకలేదు. అదే డిక్షనరీ వెబ్‌సైటులో పదం పుట్టుక ఇస్తారు, అది ఉచితమే. లాటిన్‌లో కారుస్ అంటే బండి. బండి మీద బరువు ఎక్కించడం అన్న అర్థంతో మొదలై, ఫ్రెంచి మీదుగా ఈ మాట ఇంగ్లిషులోకి వచ్చింది. కార్, కార్గో, క్యారీ కూడా ఆ ఇంటి పిల్లలే. ఆ ఒక్క బరువు పట్టుకుంటే మిగతావి చాలావరకు విడిపోతాయి. జేబు మీద పడే బరువు, భుజం మీద పడే బాధ్యత, తుపాకిలో కూరిన మందు, బ్యాటరీలోకి ఎక్కించిన విద్యుత్తు, మనిషి మీద పెట్టిన నేరం. మన తెలుగూ ఇదే దారి నడిచింది కదా. కట్టెలు మోపు కడతాం, ప్రజల మీద ఛార్జీల భారం మోపారంటాం, నేరం మోపారంటాం. ఇది తట్టిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా అబ్బాయికి వెంటనే చెప్పాను, వాడికిక ఆ అర్థాలు బట్టీపట్టే పని లేకుండా పోయింది.

ఈ డిక్షనరీ ఇంత తేటగా ఉండడానికి కారణం ఉంది. దీన్ని మొదలుపెట్టిన ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లిషు చెప్పిన పంతులు. మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన తొలి రూపం 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అంటే పుట్టుకతో ఇంగ్లిషు రానివాళ్ల కోసమే పుట్టిన పుస్తకం. అర్థం చెప్పడానికి వాడే మాటలు కూడా ఎంచి తీసుకున్న తేలిక మాటలే, వాటికి ఆధారం ఆక్స్‌ఫర్డ్ 3000 అనే జాబితా. ఒక మాటకు అర్థం చూస్తే అందులో ఇంకో తెలియని మాట ఎదురుకావడం ఇక్కడ చాలా తక్కువ.

కేవలం పర్యాయపదాలే కావాలనుకునేవారు రోజె థెసారస్ వైపు చూస్తారు. 1852లో తొలిసారి వచ్చిన ఆ పుస్తకం భావాలను బట్టి మాటలను గుంపులు కడుతుంది. గొప్ప పుస్తకమే, కానీ తేడాలు వివరించదు. భాష బాగా వచ్చి, గుర్తురాని మాట కోసం వెతుక్కునేవారికి అది పనికొస్తుంది. నేర్చుకుంటున్నవారికి దారి చూపదు.

ఇబ్బందులూ చెప్పాలి. తెలుగు అర్థాలు ఉండవు కాబట్టి ఆరు, ఏడు తరగతుల పిల్లల చేతికి ఇవ్వకండి, వారికి ఇంగ్లిషు–తెలుగు నిఘంటువే మేలు. అక్షరాలు సన్నం, కళ్లజోడు లేకుండా నా వల్ల కాదు. బరువు కూడా ఎక్కువే, నైట్‌హాల్ట్ డ్యూటీకి సంచిలో పెట్టుకుని వెళ్లే పుస్తకం కాదు, అక్కడ ఫోనులో వెబ్‌సైటు చూసుకుంటాను. ధర ఒక్కసారిగా పెట్టాలంటే ఆలోచించాల్సిందే. పాత కూర్పు తక్కువకు దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి, ఛార్జ్ లాంటి మాటలు కూర్పు కూర్పుకూ పెద్దగా మారవు. నకలు ప్రతులు మాత్రం వద్దు. కొనే ముందు ఏదైనా పర్యాయపదాల పెట్టె తెరిచి, అందులోని చిన్న అక్షరాలు అలుక్కుపోకుండా ఉన్నాయో లేదో వెలుతురులో చూసుకోండి.