19 వేల గిటారు, లక్షన్నర గిటారు, మధ్యలో ఒక గాడి

2016లో 19 వేల రూపాయలకు ఇండొనేషియాలో తయారైన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి, 2021లో లక్షన్నర దాటిన ధరకు అమెరికాలో తయారైనది మరొకటి కొన్నాను. రెండూ విశాఖపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లోనే ఉంటున్నాయి. కంపెనీల పేర్లు రాయడం లేదు. నా చేతికి వచ్చిన ఒక్కొక్క వాయిద్యాన్ని బట్టి మొత్తం కంపెనీని తూచడం న్యాయం కాదు. పైగా చవక గిటార్ల పేర్లయిన స్క్వయర్, ఎపిఫోన్‌లలో మొదటిది ఖరీదైన గిటార్ల కంపెనీ ఫెండర్ వారిదే, రెండోది అలాంటిదే అయిన గిబ్సన్ వారిదే అయినప్పుడు, చవకకూ ఖరీదుకూ మధ్య గీత యజమాని దగ్గర కాక, ఒక్కో గిటారు మీద పనివాడు వెచ్చించిన సమయం దగ్గర పడుతుంది. ఆ సమయాన్ని ఎక్కడ మిగుల్చుకున్నారో నాకు బాగా తెలిసివచ్చిన చోటు నట్, అంటే మెడ చివర తీగలు తమ తమ గాడుల గుండా తల వైపుకు దాటే ఆ చిన్న ముక్క.

రాగాలు వాయించే ప్రయత్నం చేస్తాను కనుక నేను తీగను పక్కకు లాగడం ఎక్కువ. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించిన గమకాలు విని పెరిగినవారికి ఈ పిచ్చి ఎక్కడిదో చెప్పనక్కరలేదు. చవక గిటారులో మూడో తీగను లాగి వదిలిన ప్రతిసారీ శ్రుతి కాస్త దిగిపోయేది. సరిచేద్దామని తల మీద తీగను బిగించే మర తిప్పితే కాసేపు ఏ మార్పూ ఉండేది కాదు. ఆ తర్వాత టింగుమని మోగి ఒక్కసారిగా పైకి పోయేది. ఒక క్రిస్మస్ కార్యక్రమంలో పాటకూ పాటకూ మధ్య నేను శ్రుతి చేసుకుంటూనే ఉండగా, కీబోర్డు వాయించే అబ్బాయి ఖాళీని నింపడానికి ఒకే స్వరాల వరుసను నాలుగుసార్లు తిప్పాడు. ఆ అవమానంతో మర్నాడే 4,500 రూపాయలు పెట్టి మరలన్నీ మార్పించాను. ఫలితం శూన్యం.

చివరికి దారి చూపినది గిటారు వాయించడమే రాని, వీణలు బాగుచేసే ఒక పెద్దాయన. తీగను రెండుసార్లు లాగి చూసి, "బిరడాల తప్పేమీ లేదు బాబూ, తీగ ఈ గాడిలో కరుచుకుంటోంది" అన్నారు. సన్నని గరుకు కాగితాన్ని మడిచి గాడి గోడలను నున్నగా రుద్ది, అందులో పెన్సిల్ ముల్లు పొడి రాశారు. పదిహేను నిమిషాల పని. లాగినప్పుడు నట్ దాటి వచ్చిన తీగ ఇప్పుడు అంతే తేలికగా వెనక్కి వెళుతోంది, ఆ గిటారు రెండు గంటల కార్యక్రమాన్ని శ్రుతి తప్పకుండా దాటిస్తోంది.

ఖరీదైనదాన్ని మొదటిసారి వాయించినప్పుడు, ఈ బాధే లేని వాయిద్యం దొరికిందని ఇంట్లో అందరికీ చెప్పాను. ఎముకతో చేసిన నట్, అరచేతికి ఎక్కడా గీరుకోని మెట్ల (ఫ్రెట్ల) అంచులు, శబ్దం పెంచినా విడివిడిగా వినిపించే తీగలు: ఈ మూడింటి విషయంలో నా అభిప్రాయం నేటికీ మారలేదు. అయితే దాని తలకు రెండు వైపులా మూడేసి మరలు ఉండడం వల్ల మూడు, నాలుగు తీగలు నట్ దాటగానే పక్కకు వంగుతాయి. రెండో ఏడాది నుంచి మూడో తీగ అక్కడ కూడా, తక్కువగానే అయినా, పట్టేయడం మొదలుపెట్టింది. మెడకు పూసిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత మే నెల ఉక్కలో బొటనవేలికి అంటుకుంటుంది. చవకదానిపై ఉన్న పాలియురెథేన్ పూతకు ఆ జబ్బు లేదు.

నా ఫిర్యాదులో నా వాటా కూడా కొంత ఉంది. చవక గిటారు 9-42 తీగలతో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన అన్నిటికన్నా సన్న తీగ 9, లావు తీగ 42) వచ్చింది; నేను 10-46 వేశాను. మూడో తీగ 0.016 అంగుళాల నుంచి 0.017కు, ఆరోది 0.042 నుంచి 0.046కు లావెక్కితే గాడి ఇరుకు కావడంలో వింతేముంది? తీగల సైజు మార్చనివారికి, తీగ లాగి వాయించే అలవాటు లేనివారికి ఇదంతా ఎదురు కాకపోవచ్చు. నెలకు రెండు మూడు కార్యక్రమాలు, అవీ ఆటోలో వెళ్లివచ్చేవి, ఉన్న నాబోటివాడు బయటికి చవకదాన్నే తీసుకువెళతాడు. ఇంట్లో రికార్డు చేసేటప్పుడు మాత్రం చేయి రెండోదాని వైపే పోతుంది. వేళ్ల నొప్పి వల్ల ఈ మధ్య మళ్లీ 9 సైజుకు దిగాలనుకుంటున్నాను, కానీ రుద్దడంతో వెడల్పైన ఆ గాడులు సన్న తీగలకు వదులై గరగరమంటాయేమోనని సందేహంగా ఉంది.