జల్లెడ మూత ఉన్న ఇంధన నమూనా జారు: ఏడాది వాడిన తరువాత

టెక్సస్‌లో మేము నలుగురం కలిసి కొనుక్కున్న పాత చిన్న విమానం సెస్నా 172ఎన్‌కు హ్యాంగరు (విమానాల షెడ్డు) లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే ఉంటుంది. కిందటి వసంతంలో రెండు రోజుల గాలివాన తరువాత ఎడమ రెక్క ట్యాంకు అడుగు నుంచి నమూనా తీస్తే, నీలిరంగు ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) కింద వేలెడు మందాన నీరు తేటగా నిలిచి ఉంది. అరచేతిలో పట్టే గ్లాసుతో మళ్ళీ మళ్ళీ తీస్తూ, తీసినదాన్ని ఎక్కడ పోయాలో తెలియక అవస్థపడిన ఆ ఉదయమే గ్యాట్స్ జారు అనే ఈ ఇంధన పరీక్ష సీసా కొనాలని నిర్ణయించుకున్నాము.

పారదర్శకమైన జారు, ట్యాంకు కింది వాల్వును పైకి నొక్కే కడ్డీ, మూతలో సన్నని జల్లెడ: పరికరమంతా ఇంతే. జల్లెడలోంచి పెట్రోలు జారిపోతుంది, నీరూ నలుసులూ లోపలే ఆగుతాయి. కనుక శుభ్రమైన ఇంధనాన్ని తిరిగి ట్యాంకులో పోసుకోవచ్చు. మేము వాడే 100ఎల్ఎల్ రకం ఏవ్‌గ్యాస్‌లో లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు గనుక, దాన్ని ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద గుమ్మరించే పాత అలవాటు మానడానికి ఈ జారు ఒక్కటే చాలు. జారు పెద్దది కావడం వల్ల ఒక్కసారే ఎక్కువ ఇంధనం తీసి చూడగలుగుతున్నాము.

అయితే జల్లెడ ఉంది కదా అని పరీక్షించకుండా తిరిగి ట్యాంకులో పోయడం ప్రమాదకరం. నీటికీ పెట్రోలుకూ మధ్య గీత కనబడితేనే నీరున్నట్టు అనుకుంటాము గానీ, జారు మొత్తం నీరే అయినప్పుడు గీతే ఉండదు. తెల్ల కాగితం ముందు పట్టుకుని నీలిరంగు ఉందో లేదో చూసుకోవాలి. పొరపాటున జెట్ ఎ (కిరోసిన్ రకపు జెట్ ఇంధనం) కలిస్తే జల్లెడ దాన్ని వేరు చేయలేదు. అక్కడ ముక్కునూ వేళ్ళనూ నమ్ముకోవలసిందే. కిరోసిన్ స్టవ్వు ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఆ వాసన వేరే చెప్పనక్కరలేదు. పైగా వేళ్ళ మధ్య రుద్దితే ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, జెట్ ఇంధనం జిడ్డుగా మిగులుతుంది. అనుమానం కలిగితే ఒక్క చుక్క కూడా తిరిగి పోయకుండా మెకానిక్కును పిలవాలి.

మా విమానంతో వచ్చే అసలు ఇబ్బంది ఫ్యూయల్ స్ట్రెయినర్ (ఇంజనుకు వెళ్ళే ఇంధనాన్ని వడకట్టే భాగం) దగ్గర. ఆయిలు చూసే చిన్న తలుపు లోపలి పిడిని లాగితే ఇంధనం విమానం ముక్కు కింద కారుతుంది. ఒకరు లాగుతుంటే మరొకరు జారు పట్టుకోవాలి, లేకపోతే చేయి సాగదీసి తంటాలు పడాలి. ఇది జారు తప్పు కాదు గానీ, ఒంటరిగా ఎగిరే రోజున ఆ తేడా తెలుస్తుంది.

మాకు జరిగిన గొప్ప మేలు మరొకటుంది. మూడోసారి వడపోసినప్పుడు జల్లెడ మీద నల్లని రబ్బరు తునకలు చిక్కాయి. వాటిని చూసే ట్యాంకు మూత విప్పి పరిశీలించాము. దాని రబ్బరు రింగు గట్టిపడి పగిలిపోయి ఉంది, వాన నీరు దిగింది అక్కడి నుంచే. మెకానిక్కు రెండు మూతలకూ కొత్త రింగులు వేశాక, రెక్కలు కాస్త ఊపి, నీరు అడుగుకు దిగేదాకా ఆగి తీసిన నమూనాల్లో కూడా ఇప్పటివరకు నీరు కనబడలేదు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను.