అతికించిన స్టాంపులా, అచ్చేసిన కూపన్లా?

కొత్త దేశానికి సొంత కరెన్సీ సిద్ధం కావడానికి టైమ్ పడుతుంది. ఆ మధ్యకాలాన్ని స్లొవేకియా, ఉక్రెయిన్ వేర్వేరుగా గట్టెక్కించాయి.

చెకొస్లొవేకియా 1993 జనవరి 1న రెండుగా విడిపోయింది. ఉమ్మడి కరెన్సీ ఫిబ్రవరి 8కే ముగిసింది. స్లొవేకియా పాత కొరునా నోట్ల మీదే చిన్న స్టాంపులు అతికించి చలామణిలో పెట్టింది. చెక్ వాళ్లూ పెద్ద నోట్లకు అదే చేశారు. చవక, వేగం, జనానికి అలవాటైన నోటే. నకిలీ స్టాంపుల భయం ఉన్నా, కొన్ని నెలలకే కొత్త నోట్లు రావడం మొదలైంది.

ఉక్రెయిన్ కథ వేరు. 1992 జనవరిలో సోవియట్ రూబుల్‌కు తోడుగా, డబ్బులా వాడే కూపన్లు వచ్చాయి. వాటి మీద కీవ్ స్థాపకుల చెల్లెలిగా చెప్పే లిబిద్ బొమ్మ. ఆ నవంబరుకల్లా రూబుల్ తప్పుకుని, కార్బోవానెట్స్ అనే ఈ కూపనే ఏకైక కరెన్సీ అయింది. 1993లో ధరలు వంద రెట్లకు పైగా పెరిగాయి. సున్నాలు పెరుగుతూ పోయి 1995లో పది లక్షల నోటు కూడా వచ్చింది! చివరకు 1996 సెప్టెంబరులో లక్ష కార్బోవానెట్సులకు ఒక హ్రివ్నియా చొప్పున, హ్రివ్నియా అనే కొత్త కరెన్సీలోకి మార్చారు.

తప్పు కూపన్ కాగితానిది కాదు, బడ్జెట్ లోటును నోట్ల ముద్రణతో పూడ్చడానిది. అయినా ఎంచుకోమంటే నా ఓటు స్టాంపుకే. అది తాత్కాలికమని చూడగానే తెలుస్తుంది, ఏళ్ల తరబడి సాగదీయడం కష్టం.