నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్తున్నారా? లాడ్జి దగ్గర జాగ్రత్త

హైదరాబాద్‌లో ఏటా జరిగే నాంపల్లి ఎగ్జిబిషన్ మేళా చూడ్డానికి వచ్చి, నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిలో దిగాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్క ముక్క వినండి. ఫోన్‌లో "రోజుకు ఎంత" అని అడిగితే సరిపోదు. "రోజంటే దిగినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలా, మధ్యాహ్నం పన్నెండు వరకా" అని కూడా అడగండి. జవాబు వాట్సాప్‌లో పెట్టించుకోండి. మేము అడగలేదు. అందుకు 3,600 రూపాయలు ఊరికే పోయాయి.

మేము నలుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, నాన్న. 2024 జనవరి 25 రాత్రి చీరాలలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు పొద్దున్నే నాంపల్లిలో దిగాం. అసలీ ప్రయాణం నాన్న కోసం. 1980ల్లో ఆయన మా ఊరి చేనేత సంఘం తరఫున వరసగా ఆరేళ్లు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో స్టాల్ చూసుకున్నారు. జనవరి ఒకటిన మొదలైతే ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు ఇంటి మొహం చూసేవారు కాదు. ఆ ఆరేళ్లూ మా ఇంట్లో సంక్రాంతి నాన్న లేకుండానే జరిగింది. మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి "నడవగలిగినప్పుడే ఆ గ్రౌండు ఒక్కసారి చూపించరా" అని అడుగుతున్నారు.

లాడ్జి స్టేషన్‌కు దగ్గరే. ఒక్కో గది 1,800 అన్నారు. రెండు గదులకు 3,600 అడ్వాన్స్ కట్టి ఎనిమిదిన్నరకు తాళాలు తీసుకున్నాం. వేణ్ణీళ్లు తొమ్మిదింటికే బంద్. తర్వాత కావాలంటే బకెట్ 30 రూపాయలట. మంచం మీద దుప్పటి మాసి ఉంటే మార్చమని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. సెలవు రోజు, రద్దీ ఉంటుందిలే అని సర్దుకున్నాం.

మర్నాడు ఎనిమిదింటికే సామానుతో కిందికి దిగాం. ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. కౌంటర్‌లో అతను 8,064 రూపాయల లెక్క రాసి చేతిలో పెట్టాడు. ముందురోజు పొద్దున్న నుంచి పన్నెండు దాకా ఒక రోజట, అక్కడి నుంచి ఇవాళ పన్నెండు దాకా ఇంకో రోజట. మూడున్నర గంటలకు ఒక రోజు అద్దె! పైన పన్నెండు శాతం పన్ను, 864. "రూల్ గంతే సార్, బోర్డు మీద రాసే ఉంది" అన్నాడు. ఎక్కడుందని అడిగితే క్యాలెండర్ పక్కకు జరిపి, దాని వెనక అంటించిన కాగితం చూపించాడు.

నాకు గొంతు లేచింది. పాప బిక్కమొహం వేసుకుని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "పన్ను కట్టమంటే కడతాను, జీఎస్టీ నంబరున్న ప్రింటు బిల్లు ఇవ్వు" అనగానే ఆ 864 మాట మాయమైంది. మిగతా 3,600 మాత్రం వదల్లేదు. "రైలు సాయంత్రమే కదరా, పొద్దున్నే ఈ టెన్షన్ ఎందుకు, పారేసిరా" అన్నారు నాన్న. కట్టేసి బయటికొచ్చాం. మా ఆవిడ ముందే అమీర్‌పేట, లక్డీకాపూల్ వైపు చూడమంది, స్టేషన్‌కు దగ్గరని నేనే వినలేదు. మధ్యాహ్నం దాకా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ మాటే నిజం. మియాపూర్, ఎల్బీనగర్ మెట్రో దారిలో ఎక్కడ లాడ్జి తీసుకున్నా సరే, గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే ఎగ్జిబిషన్ పక్కనే.

ముందురోజు సాయంత్రం సంగతి చెప్పాలి. టికెట్ 40 రూపాయలు, నలుగురికీ 160. అజంతా గేటు దగ్గర నాన్న కాసేపు ఆగిపోయారు. పాప "ఎందుకు తాతయ్యా ఆగావు" అంటే, అక్కడే నిలబడి కథ మొదలుపెట్టారు.

1938లో ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్లకు హైదరాబాద్ రాజ్యంలో జనం ఎలా బతుకుతున్నారో, ఏ వృత్తిలో ఎంత రాబడి ఉందో సర్వే చేయాలనిపించింది. దానికి డబ్బు లేదు. స్థానికంగా తయారైన సరుకులతో ఒక ప్రదర్శన పెడితే నాలుగు డబ్బులొస్తాయనుకున్నారు. ఈ ఎగ్జిబిషన్‌ను నుమాయిష్ అనేది అందుకే, ఉర్దూలో ఆ మాటకు ప్రదర్శన అనే అర్థం. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలు. పబ్లిక్ గార్డెన్స్‌లో యాభై దాకా స్టాళ్లు, పది రోజులు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. జనం పెరిగి తోట చాలక 1946లో ఇప్పుడున్న గ్రౌండుకు మార్చారు. 1947, 48 గొడవల్లో ఆగిపోయింది. 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చి మళ్లీ తెరిచారు. 2024లో మేము వెళ్లేసరికి స్టాళ్లు రెండు వేలకు పైనే.

నాన్న ఎక్కువ గొప్పగా చెప్పింది ఇంకోటి. ఈ మేళా మీద వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అలాంటివే. "నేను కట్టిన స్టాల్ అద్దెలోనూ ఒక పిల్ల చదువుకుని ఉంటుందమ్మా" అన్నారు పాపతో.

ఈ గ్రౌండు దెబ్బలూ తింది. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి చాలా స్టాళ్లు కాలిపోయాయి, ప్రాణాలు పోలేదు. కరోనాతో 2021లో మేళానే లేదు. 2022లో మొదలైన వెంటనే మూసేసి ఫిబ్రవరి చివర్లో మళ్లీ తెరిచారు. టీవీలో ఆ మంటలు చూసిన రాత్రి నాన్న అన్నం తినకుండా లేచిపోవడం నాకు ఇంకా గుర్తుంది.

లోపల శాలువాల దగ్గర మా ఆవిడ ఆగింది. కాశ్మీర్ నుంచి వచ్చిన పెద్దాయన, గడ్డం మొత్తం నెరిసిపోయింది. 1,400 చెప్పిన శాలువా బేరంలో 900కు దిగింది. డబ్బు తీసేలోపు ఆయనే, "ఇది పష్మీనా కాదు బేటీ, ఉన్ని కలిపిన నూలు. తెలిసే కొనుక్కో" అని హిందీలో చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు! కొన్నాం. లాడ్జిలో ఆ చలికి కప్పుకున్నది ఆ శాలువానే. ఉల్లిపాయ ముక్కలు పెట్టిన మిర్చి బజ్జీ ప్లేటు 60, ఆ రుచికి ఇవ్వొచ్చు. పాప బొమ్మ రైలెక్కింది. మర్నాడు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేసి చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం, ఇబ్బందేమీ లేదు.

ఒక్కటి మాత్రం నేను మళ్లీ చేయను. గణతంత్ర దినం లాంటి సెలవు రోజు సాయంత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లకూడదు. తోసుకుంటూ నడవడం నాన్నకు కష్టమైంది. మంగళ, బుధవారాల్లో నాలుగింటికల్లా లోపలికి వెళ్తే చీకటి పడకముందే సగం చూసేయొచ్చు. బేరం చేయాలనుకునే వాళ్లకు ఆఖరి వారం మంచిది, మిగిలిన సరుకు వెనక్కి మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. అదీ నాన్న చెప్పిందే.

ఆయన పాత స్టాల్ ఎక్కడుండేదో కనిపెట్టలేకపోయారు, వరసలన్నీ మారిపోయాయి. చివరికి ఒక చేనేత స్టాల్ ముందు నిలబడి ఆకుపచ్చ చీర అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపారు. తర్వాత తిరగేసి వెనక పోగులు చూశారు. అమ్మే కుర్రాడు కుర్చీ ఖాళీ చేసి "కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. రాత్రి ఎక్కడ పడుకుంటున్నావని నాన్న అడిగారు. చీరల బల్ల కింద చుట్టిపెట్టిన చాప చూపించాడు కుర్రాడు. నాన్న కూడా అలాగే పడుకునేవారట, తలకింద లెక్కల పుస్తకం పెట్టుకుని.

చీర 2,650. మా ఆవిడ 2,000 అనబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, ఇది నేసినవాడికి గిట్టే ధర" అన్నారు. జేబులోంచి ఆయనే డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. చీర మడత పెట్టడం మాత్రం కుర్రాడికి వదల్లేదు. ఒళ్లో పరుచుకుని, అంచు అంచుకు కలిపి, తానే మడిచి కవర్‌లో పెట్టారు.