షికాగో, నోటర్‌డామ్: ఫుట్‌బాల్‌ను వదులుకోవడం మేలా, నిలుపుకోవడం మేలా?

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ (మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేతపట్టుకొని పరుగెత్తే ఆట) ఎంతవరకు అవసరమన్న ప్రశ్నకు, దాదాపు 150 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు విద్యాసంస్థలు పూర్తిగా భిన్నమైన సమాధానాలు ఇచ్చాయి.

షికాగో విశ్వవిద్యాలయంలో 1892లో తరగతులతోపాటే ఏమోస్ అలొంజో స్టాగ్ శిక్షణలో ఫుట్‌బాల్ కూడా మొదలైంది. 1905లో ఆ జట్టు 2-0తో మిషిగన్‌ను ఓడించి, 56 ఆటలుగా మిషిగన్‌కు ఓటమి లేకుండా సాగుతున్న వరుసను తెంచింది. ఆ తరువాత హైస్‌మన్ ట్రోఫీగా (కళాశాల ఫుట్‌బాల్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చేది) పేరొందిన బహుమతిని 1935లో మొట్టమొదట అందుకున్న జే బర్‌వాంగర్ ఇక్కడి విద్యార్థే. అయినా, చదువుకూ ఈ ఆటకూ పొత్తు కుదరదని నమ్మిన అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ హయాంలో, 1939 చివర విశ్వవిద్యాలయం జట్టునే రద్దు చేసింది. ఆ నిర్ణయంలోని సాహసాన్ని మెచ్చుకొనేవారు ఒక సంగతి గమనించాలి: అదే ఏడాది షికాగో మిషిగన్ చేతిలో 85-0తో చిత్తయింది. ఓడిపోతున్న జట్టును మాన్పించడం తేలిక. 1905లో అయితే ఏ అధ్యక్షుడికీ అది సాధ్యమయ్యేది కాదు. పైగా చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ ధనంతో పుట్టిన సంస్థకు పేరు కోసం ఆట మీద ఆధారపడవలసిన అగత్యం లేదు. 1942లో ఆ జట్టు ఒకప్పుడు ఆడిన స్టేడియం పడమటి గ్యాలరీ కిందే భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం అణు శృంఖల చర్యను సాధించింది.

నోటర్‌డామ్‌కు అటువంటి వెసులుబాటు లేదు. 1913లో ముందుకు విసిరే పాసులతో ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టును 35-13తో ఓడించాకే ఇండియానాలోని ఈ క్యాథలిక్ కళాశాల పేరు దేశమంతటా మారుమోగింది. ఆనాటి ఆటగాడు న్యూట్ రాక్నీ 1918 నుంచి 1930 వరకు శిక్షకుడిగా ఉండి 105 విజయాలు సాధించాడు, ఓడినవి 12 మాత్రమే. కళాశాల గడప తొక్కని ఐరిష్, ఇటాలియన్ వలస కుటుంబాలు సైతం దాన్ని తమ జట్టుగా భావించాయి. 1991 నుంచి సొంతగడ్డ మీది ఆటలను ఎన్‌బీసీ టీవీ సంస్థ ప్రసారం చేస్తోంది.

కాబట్టి నోటర్‌డామ్‌ను ఫుట్‌బాల్ మానుకోమనడం అన్యాయం. అయితే కొత్తగా జట్టు పెట్టదలచిన సంస్థకు మాత్రం నేను చూపేది 1905 నాటి షికాగోనూ కాదు, 1939 నాటి షికాగోనూ కాదు. 1969లో మళ్లీ పోటీ ఆటలకు తిరిగివచ్చి, క్రీడా ఉపకారవేతనాలు ఉండని కళాశాల క్రీడల మూడో శ్రేణిలో ఈనాటికీ ఆడుతున్న షికాగోను.