పాదాన్ని చదివి స్కేట్లు అమ్మే దుకాణం: బ్రాంప్టన్‌లో మా అనుభవం

మా అమ్మాయి ఐస్ హాకీలో చేరిన రెండో ఏడు, పెద్దవాళ్లకు రాత్రిపూట నేర్పే తరగతిలో నేనూ చేరాను. నలభై దాటాక మొదటిసారి మంచు మీద కాలుపెట్టే మనిషికి అన్నిటికన్నా ముందు కావలసింది తన పాదానికి సరిపోయే స్కేట్లు, అంటే అడుగున బ్లేడు ఉండే బూట్లేనన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. మొదటి జతను ఒక పెద్ద దుకాణంలో కొన్నాను. అక్కడివారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: మామూలు బూటు సైజు ఎంత అని. నేను 9 అన్నాను, వాళ్లు 9 సైజు స్కేట్లే తెచ్చి ఇచ్చారు. తొడిగి నిలబడితే మెత్తగా, హాయిగా అనిపించింది కాబట్టి మరో మాట లేకుండా డబ్బు కట్టి వచ్చేశాను.

ఆ హాయి వెనుక ఉన్న లోపం మూడో తరగతికల్లా బయటపడింది. ఐస్ హాకీ స్కేట్లను సాధారణంగా మనం రోజూ వేసుకునే బూట్లకన్నా ఒకటి లేదా ఒకటిన్నర సైజు తక్కువగా తీసుకోవాలి. నా జత అంతమేర పెద్దది. అడుగు తోసిన ప్రతిసారీ లోపల మడమ పైకి లేస్తుంటే, దాన్ని ఆపడానికి లేసులు ఇంకా ఇంకా బిగించేవాణ్ణి. ఆ బిగింపుకు పాదం పైభాగం తిమ్మిరెక్కి, చీలమండ ఎముక కింద చర్మం ఒరుసుకుపోయి బొబ్బలు లేచేవి. మలుపు తిరగలేకపోవడానికి నా వయసూ భయమూ కారణమనుకున్నాను గాని, బూటులో వదులుగా కదిలే పాదం బ్లేడును అదుపు చేయలేదని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

నేనిప్పుడు రాస్తున్నది కెనడాలోని బ్రాంప్టన్‌లో, మేము ఆడే మంచు మైదానానికి (రింకుకు) దగ్గరలో ఉన్న ఒక చిన్న దుకాణం గురించి, అక్కడ స్కేట్లు అమర్చే పెద్దాయన పనితనం గురించి. ఆయన అనుమతి అడగలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. కానీ అక్కడ జరిగిన పద్ధతి తెలిస్తే, మీ ఊళ్లోని దుకాణంలో ఏమి అడగాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో మీకే తెలుస్తుంది.

లోపలికి అడుగుపెట్టగానే ఆయన ముందుగా చేయించిన పని సాక్సులు విప్పించడం. రెండు పాదాలనూ ఒకదాని తర్వాత ఒకటి కొలతపలక మీద పెట్టించి, బరువంతా మోపి నిలబడమన్నారు, ఎందుకంటే కూర్చున్నప్పటి పొడవుకూ నిలబడినప్పటి పొడవుకూ తేడా ఉంటుంది. నా కుడిపాదం ఎడమదానికన్నా కొద్దిగా పెద్దదని తేలింది; సైజును పెద్ద పాదానికే నిర్ణయించాలని చెప్పారు. ఆ తర్వాత నేల మీద మోకాళ్లూని, వెనుకనుంచి నా మడమను రెండు వేళ్ల మధ్య పట్టి చూశారు. పాదం పైన ఎత్తుగా ఉండే వంపును అరచేత్తో తడిమారు. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పును రెండు చేతులతో నొక్కి చూశారు. స్కేట్లు కొనడంలో మనం పొడవు ఒక్కటే చూస్తామనీ, వెడల్పు గురించి కొందరు అడుగుతారనీ, పాదం ఎత్తు గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరనీ, సగం నొప్పులకు మూలం అక్కడే ఉంటుందనీ ఆయన అన్నారు.

నా పాదం గురించి ఆయన చెప్పిన మాట నన్ను ఎక్కడికో తీసుకువెళ్లింది. ముందుభాగం బాగా వెడల్పు, వేళ్లు విడివిడిగా పరుచుకొని ఉన్నాయి, మడమ మాత్రం సన్నం, పైవంపు ఎత్తు, అన్నారు. కోనసీమలో కాలవగట్ల మీద, పొలాల్లో, బడికీ గుడికీ చెప్పుల్లేకుండా నడిచిన బాల్యం నాది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వేళ్లను బిగించని చెప్పులే వేసుకున్నాను. మా ఇంట్లో నాన్న పాదాలూ ఇలాగే ఉండేవి. ఇక్కడ తెలిసిన మనవాళ్లలో చాలామంది ఇదే ఆకారపు పాదంతో ఇబ్బంది పడటం చూశాక, ఈ ఒక్క సంగతినీ కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

వెడల్పు పాదం అనగానే ఎవరైనా వెడల్పు స్కేటునే చూపిస్తారు. ఒకప్పుడు స్కేటు వెడల్పును డి (సాధారణం), డబుల్ ఈ (వెడల్పు) వంటి అక్షరాలతో గుర్తించేవారు. స్కేట్లు తయారుచేసే బావర్ కంపెనీలో వేపర్, సుప్రీమ్, నెక్సస్ అనే మూడు శ్రేణులుండి, ఒక్కో శ్రేణి ఒక్కో పాదం ఆకారానికి దగ్గరగా ఉండేది. ఇప్పుడు అదే కంపెనీ ఒక్కో శ్రేణిలోనే ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని విభజిస్తోంది. సీసీఎం కంపెనీ టేపర్డ్ (సన్నం), రెగ్యులర్ (మధ్యస్థం), వైడ్ (వెడల్పు) అనే పేర్లు వాడుతోంది. ఈ అంకెలూ పేర్లూ వెడల్పును మాత్రమే సూచిస్తాయని నేను అనుకున్నాను. నిజానికి అవి బూటు లోపలి మొత్తం చోటును సూచిస్తాయి: ఫిట్ 1లో మడమ, ముందుభాగం, పాదం ఎత్తుకు కావలసిన లోతు అన్నీ తక్కువ, ఫిట్ 3లో ఈ మూడూ ఎక్కువ.

చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. నా సైజులో ఫిట్ 3 ఆ రోజు లేక, మరో రోజు వెళ్లి తొడిగితే నా వేళ్లకు కావలసినంత చోటు దొరికింది గాని, మడమ దగ్గర కూడా అంతే చోటు మిగిలింది. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసి, మడమ వెనుక వేలు పెట్టి చూడమన్నారు. అక్కడ ఒక వేలికన్నా ఎక్కువ పట్టకూడదు. నాకు ఒక వేలు పట్టింది, కాబట్టి పొడవు సరిపోయినట్టే. కానీ లేసులు కట్టి మోకాళ్లు వంచి చూస్తే, మడమ అటూ ఇటూ పక్కలకు కదులుతోంది. వెంటనే ఆయన దాన్ని విప్పించి, ఫిట్ 2 తెచ్చారు. అందులో మడమ గట్టిగా కూర్చుంది, చిటికెనవేలి పక్క మాత్రం గట్టిగా నొక్కుకుంది. నేను ముఖం చిట్లించడం చూసి ఆయన చెప్పిన సూత్రం ఇది: ఇరుకైనచోట బూటును సాగదీయవచ్చు, వదులైనచోట బూటును కుదించడం కుదరదు. కాబట్టి మడమకు సరిపోయే బూటును ఎంచుకొని ముందుభాగాన్ని సరిచేయించుకోవడమే నా ఆకారానికి దారి.

లోతు విషయంలో ఆయన చేసిన పెన్సిల్ పరీక్షను ఎవరైనా ఒక నిమిషంలో చేసుకోవచ్చు. లేసులు వదులుచేసి, మడమను వెనక్కు ఆనించి కూర్చోవాలి. ముందున్న నాలుక భాగాన్ని ముందుకు లాగాలి. పైనుంచి మూడో జత లేసు రంధ్రాల దగ్గర బూటు రెండు అంచుల మీద పెన్సిల్‌ను అడ్డంగా పెట్టాలి. పెన్సిల్ పాదానికి తగలకుండా రెండు అంచుల మీదా నిలిస్తే లోతు చాలినట్టు. పాదం మీద ఆని ఊగితే బూటు లోతు తక్కువ. లోతు తక్కువైన బూటులో లేసులు పాదం పైనున్న నరాల మీద ఒత్తి, ఆట మధ్యలో భరించలేని నొప్పి తెస్తాయి. నా పెన్సిల్ అంచుల మీద నిలిచింది గాని, పాదానికీ దానికీ మధ్య ఉన్న సందు చాలా సన్నం. అందుకే ఒత్తిడి కలిగేచోట ఒక రంధ్రం వదిలి లేసు కట్టే పద్ధతి కూడా చూపించారు.

చివరకు నేను తీసుకున్నది బావర్ సుప్రీమ్ శ్రేణిలో మధ్యస్థ ధరకు దొరికే జత, సైజు 7.5, ఫిట్ 2. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందున్న గట్టి తొడుగుకు ఈకలా తాకుతుంది. మోకాళ్లు వంచితే వెనక్కు జరిగి తాకడం మానేస్తుంది. ఇదే సరైన పొడవని ఆయన అన్నారు.

తర్వాతి పని బూటును వేడిచేసి పాదానికి మలచడం. దుకాణంలోని ప్రత్యేక ఓవెన్‌లో, కంపెనీ చెప్పిన ప్రకారం సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి తీశారు. మెత్తబడిన బూటులో కాలు పెట్టించి, లేసులను పైకి గుంజకుండా పక్కలకు లాగుతూ ఆయనే బిగించారు, ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు పైకి గుంజితే రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు కళ్లు ఊడిరావచ్చు. పావుగంటసేపు కదలకుండా కూర్చోబెట్టారు, నిలబడనివ్వలేదు; ఆ రోజంతా మంచు మీదికి వెళ్లవద్దన్నారు. బూటు చల్లారాక చిటికెనవేలి పక్కనున్న చోటును పెన్సిల్‌తో గుర్తించి, ఆ ఒక్క భాగాన్నీ పనిముట్టుతో బయటికి సాగదీశారు. కొత్త బ్లేడుకు సాన పట్టించడం కూడా అక్కడే అయిపోయింది. కొత్తవాళ్లకు బ్లేడు అడుగున అర అంగుళం వ్యాసార్ధపు వంపుతో చెక్కిన గాడి సరిపోతుందని చెప్పారు.

మా అమ్మాయి పాదం నాకు పూర్తిగా భిన్నం: సన్నగా, పల్చగా, అరికాలు దాదాపు చదునుగా ఉంటుంది. తనకు ఫిట్ 1 సరిపోయింది. పిల్లలకు పెరుగుదల కోసం సగం సైజు వరకు వదలవచ్చని, అంతకు మించవద్దని ఆయన గట్టిగా చెప్పారు. రెండేళ్లు వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. డబ్బు విలువ తెలిసిన తల్లిదండ్రుల ఆలోచన నాకు అర్థమవుతుంది, నేనూ ఒకసారి అలాగే కొన్నాను. కానీ వదులు బూటులో చీలమండలు లోపలికి వాలిపోయి పిల్లలు నిలదొక్కుకోలేకపోతే, ఆ రెండేళ్లలో వాళ్లు నేర్చుకోవలసినది నేర్చుకోరు. మంచి స్థితిలో ఉన్న పాత జతను సరైన సైజులో కొనడం అంతకన్నా ఎంతో మేలు; ఈ దుకాణంలో అటువంటివి కొన్ని ఉంటాయి.

లోపాలు కూడా చెప్పాలి. సీజన్ మొదలయ్యే సెప్టెంబరు వారాంతాల్లో అక్కడ గంటకు పైగా నిలబడవలసి వస్తుంది. మా ఇద్దరి పని ముగిసేసరికి రెండున్నర గంటలైంది. అన్ని సైజుల్లో అన్ని ఫిట్‌లూ సిద్ధంగా ఉండవు. నా ఫిట్ 3ను ప్రయత్నించి చూడటానికి మరో రోజు వెళ్లవలసి వచ్చింది. ధర పెద్ద దుకాణాలతో సమానమే, తగ్గింపులు మాత్రం తక్కువ. అయినా వేడిచేసి మలచడానికీ, తర్వాత సాగదీయడానికీ విడిగా డబ్బు తీసుకోకపోవడం వల్ల నా లెక్కలో అదే చవక.

ఏ ఫిట్‌లోనూ ఇమడని పాదాలవారికి ఆయన పాదం అచ్చుకు తగ్గట్టు ప్రత్యేకంగా చేయించుకునే స్కేట్లను సూచిస్తారు. విన్నిపెగ్‌లో స్కాట్ వాన్ హార్న్ మొదలుపెట్టిన, అటువంటి స్కేట్లు చేసే వీహెచ్ ఫుట్‌వేర్‌ను 2016లో ట్రూ కంపెనీ తీసుకున్నది. ఒకే ముక్కగా తయారయ్యే ఆ బూటు వేడికి చుట్టూ వంగి పాదాన్ని పట్టుకుంటుంది. వెయ్యి కెనడా డాలర్లు దాటే ఆ ఖర్చు నావంటి వారానికి ఒక రాత్రి ఆటగాడికి అవసరం లేదని ఆయనే చెప్పి, అంతకు తక్కువ ధర జతనే నాకు అమ్మారు.

మూడు నెలలైంది. మడమ కదలడం లేదు, బొబ్బలు లేవు, ఎడమవైపు మలుపు ఇప్పుడు భయం లేకుండా తీసుకుంటున్నాను. కుడి చిటికెనవేలి దగ్గర మాత్రం గంట దాటాక కొద్దిగా ఒత్తుతోంది. వచ్చే శనివారం మళ్లీ వెళ్లి, ఆ చోటును ఇంకొక్కసారి సాగదీయించుకోవాలి.