ఇన్వర్టర్ లేని 12 వోల్టుల సోలార్ ఫ్యాన్ కిట్: కొనే ముందు చూసుకోవాల్సినవి

కరెంటు లైను లేని పొలం గదికి, ఎండాకాలం కొలిమిలా కాలే రేకుల ఇంటికి, రోడ్డు పక్క బడ్డీ కొట్టుకి షాపులవాళ్లు ఇప్పుడు దాదాపు ఒకే రకం కిట్ చూపిస్తున్నారు. 100 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారున్న) సీలింగ్ ఫ్యాను, రెండు డీసీ బల్బులు, 10 ఆంపియర్ల చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగును అదుపు చేసే పెట్టె), కొంత వైరు. ఇన్వర్టర్, బ్యాటరీ అక్కర్లేకుండా ప్యానెల్ నుంచి నేరుగా నడుస్తుందని చెబుతారు. మంచి ఎండలో, వోల్టేజి సరిచేసుకుంటే, ఫ్యాను వరకు ఆ మాట నిజమే.

కిట్‌లో అసలు సరుకు ఫ్యానే. మామూలు ఏసీ ఫ్యాను 70-75 వాట్లు లాగితే ఇది ఫుల్ స్పీడులో 28-30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఇన్వర్టర్ తీసేయడం కంటే ఫ్యాను మార్చడం వల్లే ఎక్కువ మిగులుతుంది. ఇంకేమీ కొనకపోయినా ఫ్యాను కొనండి.

ప్యానెల్ దగ్గర జాగ్రత్త కావాలి. పేరుకి 12 వోల్టులదే అయినా 36 సెల్స్ ఉన్న ప్యానెల్ లోడు లేనప్పుడు 21-22 వోల్టులు ఇస్తుంది, నిండు లోడు మీద 18 దాకా. ఫ్యాను మీద 10-15 వోల్టులు అని రాసి ఉంటే ప్యానెల్ వైర్లు నేరుగా తగిలించకండి. స్పీడు తగ్గించగానే లోడు తగ్గి వోల్టేజి 20 దాటుతుంది, లోపలి డ్రైవర్ బోర్డు మాడిపోతుంది. మధ్యలో 9-36 వోల్టులు తీసుకుని 12 వోల్టులు ఇచ్చే డీసీ కన్వర్టర్ ఉండాలి, కనీసం 5 ఆంపియర్లది. ఎల్ఎమ్2596 చిప్పున్న చిన్న బోర్డు చవక, కానీ హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రెక్కలు) లేకుండా 2 ఆంపియర్లు దాటితే వేడెక్కిపోతుంది. ఫ్యానుకి అది చాలదు.

కన్వర్టర్ పెట్టినా మబ్బు సమస్య తీరదు. వెలుగు తగ్గి ప్యానెల్ 20 వాట్లే ఇస్తుంటే ఫ్యాను నెమ్మదిస్తుందని అనుకుంటాం. అలా జరగదు. కన్వర్టర్ తన 28 వాట్ల కోసం కరెంటు ఎక్కువ లాగుతుంది, దాంతో ప్యానెల్ వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి ఫ్యాను ఆగుతుంది. లోడు పోగానే వోల్టేజి లేస్తుంది, ఫ్యాను మొదలై మళ్లీ ఆగుతుంది. మబ్బు రోజున ముందే స్పీడు 2కో 3కో తగ్గించుకుంటే ఆగకుండా తిరుగుతుంది.

వోల్టేజిని 12కి దించి నిలకడగా ఇచ్చే పని కిట్‌లోని కంట్రోలర్ వల్ల కాదు. బ్యాటరీ లేకుండా వాడితే చాలా కంట్రోలర్లు సరిగా ఆన్ కావు, లేదా ప్యానెల్ వోల్టేజిని అలాగే లోడుకి వదిలేస్తాయి. కాబట్టి కంట్రోలర్ వాడితే బ్యాటరీ కూడా పెట్టండి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర లోడు. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. 12.8 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడితే సుమారు 250 వాట్-గంటలు, ఫుల్ స్పీడు ఫ్యానుకి దాదాపు 8 గంటలు వస్తుంది. కంట్రోలర్‌లో లిథియం సెట్టింగు ఉందో లేదో ముందే చూడండి. మా లెక్కలో ఈ బ్యాటరీ ఖర్చు తప్పించుకోదగ్గది కాదు.

అన్నిటికంటే నాసిరకం ఇచ్చేది వైరు. ప్యానెల్ 10 మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ 20 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 5 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు. 230 వోల్టుల దగ్గర లెక్కలోకి రాని ఈ నష్టం 12 వోల్టుల దగ్గర పదో వంతు. ప్లస్ వైరుకి 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టండి.

ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్ దీనిమీద నడవవు. ప్యానెళ్లు సిరీస్‌లో కలిపి గీజరుకి నేరుగా ఇచ్చే ప్రయోగాలు చేయకండి: ఏసీ కోసం చేసిన థర్మోస్టాట్ డీసీలో విడివడేటప్పుడు నిప్పు రవ్వ ఆరక కాంటాక్టులు అతుక్కుపోతాయి, నీళ్లు మరుగుతూనే ఉంటాయి. ఇల్లంతా డీసీ మీద నడపాలనుకుంటే 12 వోల్టులు వదిలి 48 వోల్టుల పద్ధతి చూడండి. ఐఐటీ మద్రాసులో రూపొందిన ఆ పద్ధతిలో అదే వాట్లకి కరెంటు నాలుగో వంతే, కాబట్టి సన్న వైరు సరిపోతుంది.

షాపులో ప్యానెల్‌ని మిట్ట మధ్యాహ్నపు ఎండలో పెట్టించి మల్టీమీటరుతో చూడండి. లోడు లేకుండా 20 వోల్టులు దాటాలి. మీటరును 10 ఆంపియర్ల డీసీ రేంజికి, ప్రోబును ఆ సాకెట్‌కి మార్చి ప్యానెల్ ప్లస్ మైనస్‌ల మధ్య పెడితే 5 ఆంపియర్లకి పైగా చూపాలి. మూడు దగ్గరే ఆగిపోతే అది 100 వాట్ల ప్యానెల్ కాదు, స్టిక్కరు ఏం చెప్పినా.